తాత నడిపిన పాత మాసీ: ఇనుముకు వేయాలా, నడిపించాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు దాన్ని రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతా. చిత్తూరు జిల్లా ఐరాల వైపు మీ ఊళ్ళో, గానుగ కొట్టంలో, మీ తాత నడిపిన మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ ఏళ్ళుగా కదలకుండా పడి ఉంది. పక్కనే చెరుకు గానుగ తిప్పిన ఆయిల్ ఇంజన్ ఉంది. మీ నాన్న రెండింటినీ పాత ఇనుముకు వేసేద్దామంటున్నారు. నీకు మనసు ఒప్పడం లేదు. రంగు కొట్టించి ఇంటి ముందు పెట్టుకోవాలా, నడిచేలా చేయించవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు.

సూటిగా చెబుతా. ఇనుముకు వేయొద్దు. అలాగని రంగు కొట్టించి గేటు పక్కన నిలబెట్టొద్దు కూడా. ముందు ఇంజన్ తిరుగుతుందేమో చూడు. తిరిగితే దానికి ఏదో ఒక పని పెట్టు, చిన్నదైనా సరే. తిరగక, బాగు చేయించే స్తోమత కూడా లేకపోతే, అదే మోడల్ ఇంకా నడుపుకుంటున్న రైతుకో, పాత బళ్ళు చేసే మెకానిక్‌కో అమ్మెయ్. గేరు బాక్సు, లిఫ్టు కవరు, ముందు యాక్సిల్ ఇంకో బండికి పనికొస్తాయి. చిత్తూరు చుట్టుపక్కల ట్రాక్టర్ రిపేర్లే నా బతుకుతెరువు. రంగు కొట్టి నిలబెట్టిన బళ్ళ గతి చాలా చూశాను. మొదటి ఆయుధ పూజకు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. తర్వాత పట్టించుకునేవాడుండడు. టైర్లు పగులుతాయి, వాన నీళ్ళు సైలెన్సర్ గొట్టంలోంచి లోపలికి దిగుతాయి, పిస్టన్లు స్లీవులకు, అంటే అవి ఆడే గొట్టాలకు, పట్టేస్తాయి. నడవని ఇంజన్ అరగదు కదా అంటారు. అరగదు, తుప్పు పడుతుంది.

మీ నాన్న మీద కోపం పెట్టుకోకు. ఇలాంటి ఇళ్ళలో నేను గమనించిందేమిటంటే, పాత ట్రాక్టర్ మీద ప్రేమ మనవళ్ళకే ఉంటుంది. మనవడికి మడ్‌గార్డ్ మీద కూర్చుని చేలోకి పోయిన సంగతి గుర్తు. కొడుక్కి బ్యాంకు కంతులు గుర్తు, దమ్ములో దిగబడిన బండిని చీకట్లో లాగించిన సంగతి గుర్తు, డీజిల్ లైన్లో గాలి పట్టి నడిచేలో నిలిచిపోతే పానాలు పట్టుకుని కింద మీద పడ్డ సంగతి గుర్తు. ఇనుప సీటు మీద గోనెసంచి మడిచి వేసుకుని పొద్దస్తమానం దున్నినవాళ్ళ నడుములు ఇప్పుడెలా ఉన్నాయో అడిగి చూడు. పవర్ స్టీరింగ్ లేదు, పైన గొడుగు లేదు, పొగగొట్టం ఎదురుగానే. నాకు తెలిసిన పాత డ్రైవర్లలో చెవులు సరిగ్గా వినిపించేవాళ్ళు తక్కువ. ఆ రోజులు బంగారం అని ఆయన ముందు అనకు, నవ్వుతారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ బండికి చివరిసారి ఏం రిపేరు వచ్చింది, ఎందుకు ఆపేశారు అని అడుగు. నాకు ముందుగా కావాల్సిన సమాచారం అదే. బాగా నడుస్తుండగా కొత్త బండి వచ్చి ఆపేసిందానికీ, ఏదో విరిగి ఆగిపోయిందానికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

మన వైపు పాత బళ్ళలో మాసీలే ఎక్కువ కనిపించడానికి, నాకు అర్థమైనంతలో, మద్రాసు దగ్గర కావడమే కారణం. మన దేశంలో మాసీలు చేసిన టాఫే కంపెనీ 1960లో మద్రాసులో పుట్టింది. ఫ్యాక్టరీ సెంబియంలో. దానికి ఇంజన్ ఇచ్చే సింప్సన్ కూడా అదే అమాల్గమేషన్స్ గ్రూపుది, అదీ సెంబియమే. ఇంగ్లండులోని పెర్కిన్స్ డిజైన్ పరంపరలో వచ్చిన ఇంజన్లు అవి. సాయంత్రం చిత్తూరులో బస్సెక్కితే రాత్రికి మద్రాసులో ఉండేవాళ్ళం, మర్నాడు సామాను సంచీలో వేసుకుని తిరిగొచ్చేవాళ్ళం. మిగతావన్నీ ఎక్కడో తయారయ్యేవి. ఐషర్ 1959లో ఫరీదాబాద్‌లో మొదలైంది, మన దేశంలో తయారైన తొలి ట్రాక్టర్ అదే. గాలితో చల్లబడే ఇంజన్, రేడియేటర్ ఉండదు. ఇంటర్నేషనల్ బి 275 మహీంద్రా వాళ్ళది, బొంబాయి. జెటార్ 2511ను హెచ్‌ఎంటీ 1971లో చెకోస్లొవేకియా సాయంతో పింజోర్‌లో మొదలుపెట్టింది. ఫోర్డు బళ్ళు ఎస్కార్ట్స్ చేసేది. 1974లో వచ్చిన స్వరాజ్ 724 మాత్రం వేరే కథ. దాన్ని దుర్గాపూర్‌లోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎంఈఆర్‌ఐ గీసింది, బయటి దేశం డిజైన్ కాదు. దానికి రావలసినంత పేరు మన వైపు రాలేదని నా అభిప్రాయం. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు జెటార్ ఉన్నవాళ్ళకు సామాను వెతుక్కోవడమే పెద్ద పని. నీ అదృష్టం, నీది మాసీ.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ బండిలో అసలు గొప్పతనం ఇంజన్ కాదు, నాగలిని ఎత్తి దించే వెనక లిఫ్టు.

హ్యారీ ఫెర్గూసన్ అని ఐర్లాండులో ఒక రైతు కొడుకు, 1884లో పుట్టాడు. అంతకుముందు ట్రాక్టర్ అంటే ఎద్దుల బదులు ఇంజన్. నాగలిని గొలుసుతో వెనక కట్టి ఈడ్చేవాళ్ళు. నాగలి రాయికి తగిలితే చక్రాలు జారేవి, లేదా ముందు భాగం గాల్లోకి లేచి డ్రైవర్ మీద తిరగబడేది. ఫెర్గూసన్ ఏం చేశాడంటే, నాగలిని మూడు చోట్ల పట్టుకున్నాడు. కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింకు. నేల గట్టిపడి నాగలి మీద లాగుడు పెరిగితే ఆ ఒత్తిడి టాప్ లింకు గుండా ఒక స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది. లిఫ్టు నాగలిని కాస్త పైకి లేపుతుంది. లేపినప్పుడు నాగలి బరువు, దాని మీదున్న మట్టి బరువు వెనక చక్రాల మీద పడతాయి, చక్రాలు జారకుండా నేలను పట్టుకుంటాయి. నేల మెత్తబడగానే నాగలి మళ్ళీ దిగుతుంది. డ్రైవర్ లీవరు ముట్టుకోనక్కర్లేదు. చిన్న బండి పెద్ద బండి పని చేసేది అందుకే. 1946 నుంచి 1956 దాకా వచ్చిన అతని బూడిద రంగు టీఈ 20 ట్రాక్టర్ ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. 1953లో మాసీ హ్యారిస్ కంపెనీ ఫెర్గూసన్ కంపెనీతో కలిసింది, 1958 నుంచి పేరు మాసీ ఫెర్గూసన్ అయింది. టీఈ 20 తర్వాత వచ్చిన 35 మోడల్ వంశమే నీ 1035.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఎర్ర నేలల్లో, శనగకాయ చేలల్లో, రెండు బారలకొక బండరాయి తగిలే చోట లాగుడును బట్టి నాగలి దానంతటదే లేచి దిగే ఈ పద్ధతి, డ్రాఫ్ట్ కంట్రోల్ అంటారు, దేవుడిచ్చిన వరం. కానీ దాన్ని పనిచేయించే లీవరు వాడినవాళ్ళు నాకు తక్కువ మందే కనిపించారు. సీటు పక్కన రెండు లీవర్లుంటే ఒకటే తిప్పేవాళ్ళు, రెండోది తుప్పు పట్టిపోయేది. షోరూమువాళ్ళు చెప్పలేదు, డ్రైవర్లు అడగలేదు. నీ బండి నడిస్తే మడకలు తగిలించి ఆ రెండో లీవరు వాడి చూడు. మీ తాత కూడా వాడి ఉండకపోవచ్చు.

దీనికే సంబంధించిన జాగ్రత్త. పాత బండితో దేన్నైనా లాగాలంటే తాడు వెనక కిందుండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబారుకే కట్టు. టాప్ లింకు పట్టుకునే పై బ్రాకెట్‌కు ఎప్పుడూ కట్టొద్దు. ఎత్తులో కట్టి లాగితే బండి వెనక్కి తిరగబడుతుంది, దూకే టైము కూడా ఉండదు. తుమ్మ మొద్దులు పీకబోయి ఇలా పోయినవాళ్ళున్నారు. ఈ బళ్ళకు తలకాయ కాపాడే ఇనుప చట్రం లేదు.

సరే, పనిలోకి వద్దాం. కొట్టంలో పడున్న బండిని చూడగానే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం చాలామంది చేసే పని. అది చెయ్యకు. మొదట సైలెన్సర్ గొట్టం మీద డబ్బా బోర్లించి ఉందా లేదా చూడు. ఉంటే సగం గండం గడిచినట్టే. లేకపోతే నీళ్ళు దిగి ఉంటాయి. ఎయిర్ క్లీనర్ ఊడదియ్యి. ఈ పాత బళ్ళకు కాగితం ఫిల్టర్ కాదు, ఆయిల్ బాత్ ఉంటుంది, అడుగున గిన్నెలో నూనె. అందులో ఎలుక గూడో, కందిరీగల మట్టిగూడో ఉండటం మామూలే. చెయ్యి పెట్టే ముందు పుల్లతో కదిలించు, పాము లేదని చూసుకో. కడిగి, గిన్నెలో గీత దాకా కొత్త ఆయిల్ పొయ్యి.

తర్వాత ఇంజన్ ఆయిల్. డిప్‌స్టిక్ చూసి ఊరుకోవద్దు. కింద డ్రెయిన్ బోల్టును మెల్లగా, పూర్తిగా ఊడకుండా, వదులు చెయ్యి. నీళ్ళు నూనె కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి, ఉంటే ముందు అవే కారతాయి. నీళ్ళు వస్తే బండి తిప్పే ప్రయత్నం ఆపు, హెడ్డు, అంటే సిలిండర్ల పై మూత, విప్పి చూడాల్సిందే. నూనే వస్తే మొత్తం దించి, ఫిల్టర్ మార్చి, కొత్తది పొయ్యి. గేరు బాక్సు ఆయిల్ కూడా ఇలాగే చూడు. మాసీలో గేర్లకూ హైడ్రాలిక్కూ ఒకటే ఆయిల్. అది మజ్జిగలా తెల్లబడి ఉంటే లిఫ్టు పంపు పాడవుతుంది.

ఇప్పుడు ఇంజన్ జామ్ అయిందో లేదో చూడాలి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే మూడు నాజిళ్ళు ఊడదీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి ప్రతి సిలిండర్‌లో కొద్దిగా పొయ్యి. గుడ్డ కప్పి నాలుగు రోజులు వదిలెయ్. ఓపిక లేకపోతే ఈ పని మొదలుపెట్టకు. తర్వాత బండిని టాప్ గేరులో వేసి, ఇద్దరు మనుషులు వెనక చక్రం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. సెల్ఫుతో కాదు, చక్రంతో. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్ళీ ఆయిల్ పోసి, మళ్ళీ ఊపడమే. ఫ్యాను కదలడం కనిపిస్తే గెలిచావు. వారం పైన చేసినా కదలకపోతే హెడ్డు విప్పాలి, స్లీవులు, పిస్టన్ల పని. సుత్తితో పిస్టన్ మీద కొట్టేవాణ్ణి దగ్గరికి రానీయకు.

ట్యాంకులో పాత డీజిల్ జిగురై ఉంటుంది, అడుగున నీళ్ళు, నాచు. ట్యాంకు దించి కడిగించు, ఫిల్టర్లు మార్చు. నాజిళ్ళు, డీజిల్ పంపు ఊడదీసి పంపు షాపులో చూపించు. తిరుపతిలో, చిత్తూరులో, వేలూరులో ఆ పని చేసేవాళ్ళున్నారు. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. ఏళ్ళ తరబడి ఆగిన పంపులో డీజిల్‌ను ఎక్కువ తక్కువ చేసే భాగం ఒక చోట బిగుసుకుపోతుంది. అది పూర్తి డీజిల్ దగ్గర బిగుసుకుని ఉంటే, ఇంజన్ స్టార్ట్ కాగానే స్పీడు పెరుగుతూనే పోతుంది, స్టాప్ లాగినా ఆగదు. తాళం తిప్పితే ఆగడానికి ఇది పెట్రోల్ బండి కాదు. అందుకని మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి, దాని మూతికి సరిపోయే చెక్క పలక చేతిలో పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. ఇంజన్ అదుపు తప్పితే పలకతో గాలి మూసెయ్యాలి. చేత్తో కాదు, గుడ్డతో కాదు, రెండింటినీ లోపలికి లాగేస్తుంది.

క్లచ్ సంగతి కూడా చాలామందికి తెలియదు. ఏళ్ళపాటు కదలని బండిలో క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు, అంటే ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రానికి, అతుక్కుపోతుంది. పెడల్ తొక్కినా విడిపోదు. గేరులో ఉంచి స్టార్ట్ చేస్తే బండి కొట్టం గోడలోంచి బయటికి పోతుంది. న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకో, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు, ముందు ఎవరినీ నిలబెట్టకు. పిల్లలు వీడియో తీస్తామంటే పక్కనుంచి తీయమను.

రేడియేటర్‌లో నీళ్ళు పోసి అన్ని రబ్బరు గొట్టాలూ నొక్కి చూడు. బోరు నీళ్ళు వాడిన బండి అయితే లోపల ఉప్పు పేరుకుని ఉంటుంది, కడిగించాలి. డీజిల్ లైన్లో గాలి తీయాలి. ఫీడ్ పంపు చేతి లీవరు కొడుతూ ముందు ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేస్తే బుడగలు వస్తాయి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక బిగించు. అదే పంపు దగ్గర. చివరికి నాజిళ్ళ దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ తిప్పితే అక్కడా గాలి పోతుంది. దానికి ముందు ఒక పని. స్టాప్ లాగి పట్టుకుని, స్టార్ట్ కానీయకుండా, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ ఆపి ఆపి తిప్పు. పొడిగా ఉన్న బేరింగులకు నూనె అందాలి. తర్వాతే స్టాప్ వదులు. మొదట తెల్లపొగ, తర్వాత నల్లపొగ, తర్వాత ఒకదాని వెంట ఒకటి మూడు సిలిండర్లూ అందుకుంటాయి. ఆ చప్పుడు వినడానికే కదా నువ్వు ఇదంతా చేస్తున్నది. ఆనందంలో రేసు మాత్రం పెంచకు, పావుగంట సన్నగా నడవనీ.

స్టార్ట్ అయ్యాక లిఫ్టు లేవలేదని భయపడకు. ఈ రకం పాత బళ్ళలో హైడ్రాలిక్ పంపు గేరు బాక్సు లోపలే ఉంటుంది, వెనక పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టుతో తిరుగుతుంది. పీటీఓ లీవరు వెయ్యకపోతే లిఫ్టు లేవదు. లిఫ్టు పోయిందని పంపు విప్పించి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. కొత్త బళ్ళు నేర్చుకుని వచ్చిన మెకానిక్‌కు ఇది తెలియకపోవచ్చు.

నా అసలు బాధ ఇక్కడే. మాసీకి సామాను ఇంకా దొరుకుతుంది. చిత్తూరులో లేకపోతే వేలూరులో, అక్కడా లేకపోతే చెన్నై పుదుపేటలోనో, బెంగళూరు జేసీ రోడ్డులోనో ఏదో కొట్టులో దొరుకుతుంది. నువ్వు బెంగళూరులోనే ఉన్నావు కాబట్టి ఒక శనివారం పాత ముక్క చేతిలో పట్టుకుని తిరుగు, ఫోన్లో ఫోటో చూపిస్తే సరిపోదు. కానీ చెయ్యి పెట్టి వాల్వు గ్యాప్ చెప్పేవాడు, చప్పుడు విని ఏ నాజిల్ కారుతోందో చెప్పేవాడు దొరకడం కష్టమైంది. వాళ్ళ కొడుకులు ఆ పనిలోకి రాలేదు, రావాలని నేనూ అనను. ఊరికి ఒక్క ట్రాక్టర్ ఉన్న రోజుల్లో దాని డ్రైవర్‌కు కరణం కంటే ఎక్కువ మర్యాద జరిగేది. దుక్కికి వరస పెట్టేది అతనే, పెళ్ళివాళ్ళను ట్రైలర్లో దింపేది అతనే, కాణిపాకం తిరునాళ్ళకు జనాన్ని తీసుకుపోయేదీ అతనే. ట్రైలర్లో మనుషుల్ని ఎక్కించడం చట్టానికి విరుద్ధం, ప్రమాదం కూడా, ఇప్పుడు ఎవరూ చెయ్యకూడదు. అయినా చాలామందికి పాత ట్రాక్టర్ అంటే గుర్తొచ్చేది ఆ ప్రయాణమే. మీ తాత బండి నడిపిన డ్రైవర్ ఎవరైనా ఉన్నాడేమో కనుక్కో. ఉంటే మొదటి స్టార్టుకు పిలువు. ఆ బండి గుట్టు మెకానిక్ కంటే అతనికే ఎక్కువ తెలుసు.

ఖర్చు గురించి అడిగావు. చూడకుండా అంకె చెప్పే మెకానిక్‌ను నమ్మొద్దు, నన్ను కూడా. కానీ డబ్బు ఎక్కడ పోతుందో చెప్పగలను. ఇంజన్ విప్పాల్సొస్తే అదే పెద్ద ఖర్చు. తర్వాత టైర్లు. వెనకవి 12.4-28, ముందువి 6.00-16 సైజు ఉంటాయి, ఇప్పటికీ వస్తున్నాయి. వెనక టైర్లలో బరువు కోసం నీళ్ళు నింపి ఉండవచ్చు. అలా ఉంటే రిమ్ము లోపలినుంచి తిని ఉంటుంది, టైరు విప్పినప్పుడు చూడు. పని తక్కువైతే టైర్లు పగుళ్ళున్నా కొన్నాళ్ళు పొలంలో నడుస్తాయి, రోడ్డుకు వద్దు. ఇక ఇనుము రేటు పోల్చుకోవాలంటే, టన్నున్నర పైన బరువుంటుంది. కిలో రేటుతో గుణించు. ఆ మొత్తం చూశాక మీ నాన్న తొందర కాస్త తగ్గుతుందని నా అంచనా.

రంగు మాటకొస్తే, అది చివర, అదీ నిజంగా అవసరమైతేనే. తుప్పును గీకి ప్రైమర్ కొట్టించు. బానెట్ ఎరుపు, ఇంజన్, గేరు బాక్సు బూడిద రంగు. పెళ్ళి మండపానికి కొట్టినట్టు మెరుపులు, క్రోమ్ స్టిక్కర్లు వద్దు. నన్నడిగితే మడ్‌గార్డ్ మీద మీ తాత పేరు చేత్తో రాసి ఉంటే దాన్ని ముట్టుకోనే ముట్టుకోకు. చుట్టూ రంగు కొట్టించి అది మాత్రం వదిలెయ్. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ప్లేట్ల మీద రంగు పడనీయకు.

కాగితాలు. రోడ్డెక్కించాలంటే ఆర్సీ మీ తాత పేరు మీద నుంచి వారసుల పేరుకు మారాలి. 15 ఏళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చూసి 5 ఏళ్ళకోసారి రెన్యువల్ చేస్తారు. ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఏపీ 03 నంబరు అని రాశావు, అంటే 1989 తర్వాత రిజిస్టరైన బండి, లేదా తర్వాత నంబరు మార్చుకున్నది. ఆర్సీ పోయిందంటే ముందు ఆ సంగతి తేల్చుకో, తర్వాతే పెద్ద ఖర్చు పెట్టు.

ఇక ఆయిల్ ఇంజన్. నువ్వు దాన్ని చివర్లో, ఒక్క వాక్యంలో రాశావు. నేనైతే మొదట దాని మీదే చెయ్యి వేస్తాను. ఫోటోలో రెండు పెద్ద ఫ్లైవీళ్ళు కనిపిస్తున్నాయి కాబట్టి అది లిస్టర్ రకం. ఇంగ్లండు లిస్టర్ కంపెనీ డిజైన్, తర్వాత రాజ్‌కోట్‌లో బోలెడన్ని కంపెనీలు అదే నమూనాలో చేశాయి. 6 హార్స్ పవర్ దైతే నిమిషానికి 650 చుట్లే తిరుగుతుంది. కిర్లోస్కర్ 5 హార్స్ పవర్ ఇంజన్ 1500 తిరుగుతుంది. అంత నెమ్మది కాబట్టే లిస్టర్ అన్నేళ్ళు నిలుస్తుంది. ఒకటే సిలిండర్, ఒకటే నాజిల్, బ్యాటరీ లేదు, సెల్ఫ్ లేదు. జామ్ అయినా ట్రాక్టర్ కంటే సులువుగా విడుతుంది, ఎందుకంటే ఫ్లైవీలే పెద్ద పానా.

మన జిల్లాలో బావుల దగ్గర కపిల తోలడం, అంటే ఎద్దులతో నీళ్ళు తోడడం, మానిపించింది ఇవే, ఎద్దుల గానుగను మూలకు నెట్టిందీ ఇవే. కరెంటు మోటార్లు వచ్చాక బావుల దగ్గర పోయాయి కానీ, గానుగల దగ్గర చాలాకాలం ఉన్నాయి. కరెంటు నడిమధ్య పోతే పెనంలో పాకం ఆగదు కదా. బెల్లం వండేవాళ్ళకు ఇంజన్ చప్పుడే గడియారం. గానుగలో చెరుకు ఎక్కువ దూర్చితే చప్పుడు బరువెక్కేది, పొయ్యి దగ్గరున్న మనిషి తల ఎత్తకుండానే తిట్టేవాడు. చిత్తూరు మండీలకు పోయిన బెల్లంలో ఎంత భాగం ఆ డబ్ డబ్ చప్పుడు కింద వండిందో.

స్టార్ట్ చేసే పద్ధతి. పైన డీకంప్రెషన్ లీవరు ఎత్తితే వాల్వు తెరిచి ఉంటుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. బాగా వేగం అందుకున్నాక లీవరు వదిలితే పేలుతుంది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టు, చుట్టూ తిప్పొద్దు. వెనక్కి కొడితే బొటనవేలు విరుగుతుంది. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చొక్కా లేకుండా చూసుకో. ఫ్లైవీలును షాఫ్టుకు బిగించే ఇనుప చీల (కీ) బిగుసుగా ఉందో లేదో, పగుళ్ళున్నాయో లేదో చూశాకే తిప్పు. పాత గుడ్డ బెల్టు పనికిరాదు, కొత్తది వేయించు. నీళ్ళతో చల్లబడే ఇంజన్, పక్కన డ్రమ్ము పెట్టి గొట్టాలు కలిపితే చాలు.

అది తిరిగితే ఒక ఆదివారం చెరుకు నాలుగు కట్టలు తెప్పించి గానుగ తిప్పు. మీ నాన్నను పిలిచి ఊరికే చూడమను, ఏమీ అడగొద్దు. ట్రాక్టర్ విషయం ఆ తర్వాత మాట్లాడు.

పని పెట్టమన్నాను కదా, 1035కు నీ దగ్గర ఏం పనుంది అంటే, మామిడి తోట ఉందని రాశావు. చెట్ల మధ్య ఇప్పటి పెద్ద బళ్ళు కొమ్మలు విరుస్తాయి. 36 హార్స్ పవర్ మాసీ పొట్టిది, ఇట్టే తిరుగుతుంది. వానలు పడ్డాక తోటలో కల్టివేటర్ వెయ్యి, నీళ్ళ ట్యాంకరు లాగించు, అంతే. మట్టిని చిదిమే రోటవేటర్ తగిలించి బండిని చంపొద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇంజన్ మీదున్న నంబరు ప్లేటు, డీజిల్ పంపు పక్క భాగం, ఆయిల్ ఇంజన్ మీదున్న ఇత్తడి ప్లేటు, ఈ మూడూ వెలుతురులో ఫోటోలు తీసి పెట్టడం. డ్రెయిన్ బోల్టు తిప్పినప్పుడు ముందు ఏం కారిందో కూడా రాయి. డీజిల్ పంపు ఇన్‌లైన్ (వరస) రకమా, రోటరీ (తిరిగే) రకమా చూసి తర్వాత ఏం విప్పాలో చెబుతాను.